లాగిన్ పట్టిక: సంకేతపదమును దాచకయే గుర్తించుట ఎట్లు?

రాజోలు ప్రాంతములోని ఏదో ఒక ఉన్నత పాఠశాల హాజరుపట్టీ తెరచి చూడుడు. అందు సత్యనారాయణలు ఇద్దరు, నరసింహమూర్తులు ముగ్గురు కనబడినచో ఆశ్చర్యపడనక్కరలేదు. అంతర్వేది నరసింహస్వామి చేరువనే ఉన్నాడు గదా! ఇంటిపేరు కూడ ఒకటియే అయినచో ఉపాధ్యాయుడు తండ్రి పేరు చేర్చి పిలుచును. అడ్మిషన్ రిజిస్టరుకు మాత్రము ఈ చిక్కు లేదు. అందు ప్రతివారికి ఒక సంఖ్య ఉండును. బాలుడు టి.సి. తీసికొని వెడలినను ఆ సంఖ్యను మరియొకరికి ఈయరు.

ఆ పాఠశాల మార్కులను కంప్యూటరులో ఉంచి, ఎవరి మార్కులు వారికే కనబడునట్లు చేయదలచినదనుకొందము. వచ్చినది ఎవరు? తాను ఫలానా అని చెప్పుట నిజమేనా? ఈ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పుటకు కావలసినదే లాగిన్ పట్టిక.

సమాచారమును అడ్డు వరుసలు, నిలువు వరుసలు గల పట్టికలుగా అమర్చు పద్ధతిని 1970లో ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించెను. ఇందు ప్రతి అడ్డు వరుసను తక్కినవాని నుండి వేరుపరచు గుర్తు ఒకటి ఉండవలెను. పేరు ఇందులకు పనికిరాదని చూచితిమి. ఫోను నంబరు మారును. పైగా అన్నకు, చెల్లెలికి కలిపి ఇంట ఒకటియే ఫోను ఉండవచ్చును. ఊరు, జిల్లా కలిపి గుర్తు చేసిననో? రాజోలు 2022 ఏప్రిల్ 4న తూర్పు గోదావరి నుండి కొత్తదైన కోనసీమ జిల్లాలోనికి వచ్చెను. పిమ్మట అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అయ్యెను. పిల్లవాడు ఇల్లు కదలకయే వాని గుర్తు రెండు మారులు మారవలసివచ్చెడిది! కావున ఏ అర్థమును లేని వరుస సంఖ్యయే మేలు. వాడుకపేరునకు వేరొక గడి ఉంచి, ఒకే పేరు ఇద్దరికి ఉండరాదను నిబంధన పెట్టిన చాలును.

ఇక అసలు చిక్కు సంకేతపదము, అనగా పాస్‌వర్డు. దానిని ఉన్నదున్నట్లు గడిలో వ్రాసి, వచ్చినవాడు చెప్పిన పదముతో పోల్చిన సరిపోదా? 1960 దశకములో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో అట్లే చేసిరి. ఒకనాడు రెండు ఫైళ్లు తారుమారై, అందరి సంకేతపదములును లాగిన్ అయిన ప్రతివారి యెదుట ప్రత్యక్షమయ్యెను. 2009లో రాక్‌యూ అను సంస్థ పట్టిక దొంగలపాలు కాగా 3 కోట్ల 20 లక్షలకు పైగా సంకేతపదములు ఉన్నవున్నట్లు బయటపడినవి. మార్కులు పోయిన పోనిండని అనుకొనరాదు. చాలమంది ఒకే పదమును అన్నిచోట్ల వాడుదురు. బడి పట్టికలో దొరికిన పదముతో దొంగ తండ్రి బ్యాంకు ఖాతాను తెరువ యత్నించును; కొబ్బరికాయ లమ్మిన సొమ్ము అందుండును.

దీనికి ఉపాయము హాష్ అను గణితక్రియ. కొబ్బరికాయను తురుముట సులువు. తురుమును తిరిగి కాయగా చేయుట ఎవరి తరము? హాష్ అట్టిదే. కాని ఒక భేదము కలదు: ఒకే పదమునకు ఎన్నిమారులు చేసినను సరిగ్గా అదే ఫలితము వచ్చును, ఒక్క అక్షరము మారిన ఫలితము పూర్తిగా మారును. పట్టికలో ఆ ఫలితమునే వ్రాయుదురు. లోనికి రాగోరువాడు పదము చెప్పగనే దానికి మరల హాష్ కట్టి, రెండును సరిపోల్చెదరు.

ఇంతటితో తీరలేదు. ఇద్దరు బాలురు ఒకే పదమును ఎంచుకొన్నచో ఫలితములు ఒకటియే అగును. దొంగ నిఘంటువులోని మాటలన్నిటికి ముందుగనే హాష్ కట్టి ఉంచుకొని, ఒక్క చూపులో వందల పదములు పట్టగలడు. 2012లో లింక్‌డ్‌ఇన్ నుండి సుమారు 65 లక్షల హాష్‌లు బయటపడినపుడు ఈ లోపమే కనబడెను. నిజమునకు విరుగుడు అప్పటికే పాతది: రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979లోనే వివరించిరి. ప్రతి సంకేతపదమునకు యాదృచ్ఛికమైన సంఖ్య నొకదానిని చేర్చి హాష్ కట్టవలెను. దీనికి సాల్ట్, అనగా ఉప్పు, అని పేరు. నాటి ఉప్పు 4096 విధములు మాత్రమే. ఉప్పును దాచనక్కరలేదు, ప్రక్క గడిలోనే వ్రాయుదురు.

కంప్యూటర్ల వేగము పెరిగినకొలది దొంగకును వేగము పెరుగును. అందుచే 1999లో వెలువడిన బీక్రిప్ట్ పద్ధతి కావలెననియే నెమ్మదిగా పనిచేయును. దానియందలి ఖర్చు సంఖ్యను 1 పెంచిన శ్రమ రెట్టింపగును. 10కి 1024 చుట్లు, 12కి 4096 చుట్లు. కావున ఖర్చు సంఖ్యకును చోటుండవలెను. బీక్రిప్ట్ ఉప్పును, ఖర్చును, ఫలితమును ఒకే గడిలో కూర్చి వ్రాయును. తెలుగువారు గమనింపదగిన విషయ మొకటి: ఇది 72 బైట్లకు మించి చదువదు. యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరమునకు, గుణింతపు గుర్తునకు 3 బైట్లు పట్టును. ‘రాజోలు’ 18 బైట్లు. 24 గుర్తులకు మించిన తెలుగు సంకేతపదములో మిగిలినది లెక్కకు రాదు.

ఎవరు ఎప్పుడు ప్రవేశించిరి, ఎన్నిమారులు తప్పు పదము చెప్పిరి అనునవి ఈ పట్టికలో చేర్చరాదు. అడ్మిషన్ రిజిస్టరులో హాజరు వేయము గదా! దానికి వేరు పట్టిక ఉంచి, రెంటిని వరుస సంఖ్యతో ముడివేయవలెను.

సంకేతపదము మరచితినని తెలిపినపుడు పాత పదమునే తిరిగి పంపువారు దానిని చదువదగిన రూపమున దాచియున్నారన్నమాట. సరిగా కట్టిన పట్టిక నుండి అట్లు పంపుట అసాధ్యము. కొత్త పదము పెట్టుకొనుటకు కొద్దిసేపు మాత్రమే చెల్లు లంకెను పంపవలెను. ఆ లంకెలకును ఒక పట్టిక ఉండును. అందును లంకెలోని రహస్యమునకు హాష్ మాత్రమే వ్రాయుదురు.