నాన్నగారి బండి – ట్యాంకులోని తుప్పు

నాన్నగారు కన్నుమూసిన తరువాత ఆయన హీరో హోండా సి.డి. 100 బండి పశువుల కొట్టములో మూడేళ్లు కదలకుండా ఉండిపోయింది. చిన్నప్పుడు మమ్ములను ఆయన ఆ బండి మీదనే బడికి దింపేవారు. ఇప్పుడు అమ్మకు నెలనెలా బి.పి. మందులు తేవాలి. మా ఊరికి బస్సు రోజుకు రెండుసార్లే వస్తుంది. అందుచేత ఆ బండిని మళ్లీ నడిపించాలని అన్నదమ్ములము అనుకున్నాము.

కొత్త పెట్రోలు పోసి కిక్ కొట్టగా ఇంజను అందుకొని, నిమిషములోనే ఆగిపోయింది. మూత తీసి టార్చిలైటు వేసి చూశాము. అడుగున ఎర్రని తుప్పు, దానిపై బెల్లపు పాకము వంటి జిగురు, ముక్కు మండించే పుల్లని వాసన! ట్యాంకు పైకి మాత్రము తళతళ మెరుస్తూనే ఉంది.

ఇలా ఎందుకు జరుగుతుంది? పెట్రోలు నిలవ ఉంటే అందులోని తేలిక భాగములు ఆవిరైపోతాయి. మిగిలినది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి జిగురుగా మారి, వార్నిషు పూత వలె రేకుకు అంటుకొంటుంది. సగము ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రి చలికి తేమ నీటిబొట్లుగా దిగుతుంది. నీరు పెట్రోలు కంటె బరువు గనుక అడుగున చేరి తుప్పు పట్టిస్తుంది. నేటి పెట్రోలులో 20 శాతము వరకు కలుపుతున్న ఇథనాలుకు తేమను పీల్చుకొనే గుణము కూడ ఉన్నది.

ట్యాంకును విప్పి వంటింటి ఎదుట అరుగు మీద పెట్టి, పాత పెట్రోలు వంపబోతున్నాము. అంతలో అమ్మ కేక వేసింది: "ఒరే, పొయ్యిలో నిప్పుందిరా!" మా గుండె ఆగినంత పనైంది. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. అది కంటికి కనబడకుండ నేల వెంట పాకి దూరపు నిప్పును కూడ అందుకొంటుంది. వెంటనే ట్యాంకును దొడ్డి చివరకు, ఆరుబయటికి మోసుకుపోయాము. పిల్లలను దగ్గరకు రానీయలేదు.

ముందు జిగురు, తరువాత తుప్పు. ఈ వరుస తెలియక మేము మొదటే నిమ్మ ఉప్పు నీళ్లు పోసి ఒక రోజంతా పోగొట్టుకున్నాము. జిగురు కప్పి ఉంటే పులుపు తుప్పును తాకనే తాకదు.

పెట్రోలు కుళాయిని తీసివేసి, ఆ రంధ్రమును మెకానిక్కు చేత గట్టిగా మూయించాలి. ఒక లీటరు అసిటోను పోసి, ట్యాంకును అటు ఇటు తిప్పుతూ కొన్ని గంటలు ఉంచితే జిగురు కరుగుతుంది. అసిటోను కూడ పెట్రోలు వలెనే మండుతుంది; పైన పడితే రంగును తినివేస్తుంది. చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. వంపిన ద్రవమును బావి దగ్గర గాని కాలువలో గాని పోయరాదు.

తరువాత సబ్బుపొడి వేసిన వేడి నీటితో కడగాలి. చిన్న గొలుసు ముక్కను లోపల వేసి ఊపితే వదులైన తుప్పు రాలుతుంది. గొలుసును మరల బయటికి లాగవచ్చు. విడి నట్లు వేస్తే లెక్కపెట్టి తీయాలి.

ఇప్పుడు లీటరు గోరువెచ్చని నీటికి 50 నుండి 100 గ్రాముల నిమ్మ ఉప్పు చొప్పున కలిపి, ట్యాంకును అంచు వరకు నింపాలి. పైభాగమునకు కూడ తుప్పు ఉంటుంది గదా! వాయువు పుడుతుంది గనుక మూత బిగించరాదు. మధ్యమధ్య చూచుకొంటూ ఒక రోజు ఉంచితే చాలును. స్నానపు గదులు కడిగే యాసిడ్ మాత్రము వద్దు. అది మంచి రేకును కూడ తినివేస్తుంది.

వంపిన తరువాత నీటితోను, తినే సోడా కలిపిన నీటితోను, మరల మంచి నీటితోను కడిగి, వెంటనే ఎండలో పెట్టి గాలి కొట్టి ఆరబెట్టాలి. తడిగా వదిలితే ఆ పూటే కొత్త తుప్పు మొదలవుతుంది. ఆరిన ట్యాంకులో కొంచెము ఇంజను ఆయిలు పోసి అంతటా తిప్పి వంపివేయాలి. కుళాయి జల్లెడను, కార్బురేటరును శుభ్రము చేయించాలి. తుప్పు పోయినచోట చిల్లు బయటపడితే ఇంట్లో వెల్డింగు చేయకండి. మిగిలిన ఆవిరి పేలి ప్రాణములు తీస్తుంది.

ఇప్పుడు అమ్మ మందులు ఆ బండి మీదనే వస్తున్నాయి. పని ఉన్నా లేకున్నా వారమునకు ఒకసారి దానిని ఊరి చివరి వరకు నడుపుతున్నాము. మీ కొట్టములో కూడ అట్టి బండి ఉన్నదా? ఒకసారి మూత తీసి చూడండి. అయితే ముందుగా పొయ్యి ఆర్పి, ఆరుబయటికి తీసుకువెళ్లండి.