ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్ కొన్నా చిగుళ్ల నుంచి రక్తమా? నేను చేసిన తప్పు ఇదే

ఫోన్లు, ఇయర్‌బడ్స్ రివ్యూ చేసే చోట చిగుళ్ల గోలేంటి అనుకుంటున్నారా? ఆగండి, ఇందులోనూ ఒక గ్యాడ్జెట్ ఉంది.

మొన్నటి సేల్‌లో ఓ సోనిక్ టూత్‌బ్రష్ కొన్నాను. ఐదు మోడ్‌లు, బ్లూటూత్, యాప్... అన్నీ ఉన్నాయి. మూడో రోజే వాష్‌బేసిన్‌లో రక్తం కనిపించింది. పవర్ ఎక్కువైందేమో అనుకుని, రక్తం వచ్చే చోటు వదిలేసి మిగతా పళ్లు తోముకున్నా. రెండు వారాలైనా వాపు తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది. యాప్ మాత్రం రోజూ మంచి స్కోరే ఇచ్చింది!

చివరికి డెంటిస్ట్ దగ్గరికి వెళ్తే, "మీరు వదిలేసిన చోటే బాగా శుభ్రం చేయాలండీ" అన్నారు.

అసలు ఏం జరుగుతుంది?

పళ్ల మీద చేరే పాచి నిండా బ్యాక్టీరియానే. చిగురు అంచున అది పేరుకుపోతే ఎరుపు, వాపు, రక్తం. దీన్నే జింజివైటిస్ అంటారు. 1965లో డెన్మార్క్‌లో హెరాల్డ్ లో బృందం 12 మంది చేత పళ్లు తోమడం మాన్పించింది. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టాక తగ్గిపోయాయి. అంటే ఈ స్టేజ్‌లో పూర్తిగా నయమవుతుంది. ఏళ్ల తరబడి వదిలేస్తే మాత్రం కొందరిలో పన్నును పట్టి ఉంచే ఎముక కరిగిపోతుంది. దానికి ఫ్యాక్టరీ రీసెట్ లేదు.

ఇంకో విషయం. పాచి గట్టిపడి గారగా మారితే ఏ బ్రష్షూ తీయలేదు, స్కేలింగ్ చేయించుకోవాల్సిందే. నాకూ అదే చేశారు.

ఏ ఫీచర్‌కి డబ్బు పెట్టాలి?

- ప్రెజర్ సెన్సార్: గట్టిగా నొక్కితే హెచ్చరిస్తుంది. ఇది తప్పక చూడండి.
- 2 నిమిషాల టైమర్: 30 సెకన్లకోసారి వైబ్రేట్ అయి, నోట్లో తర్వాతి భాగానికి వెళ్లమంటుంది.
- బ్రష్ హెడ్ ధర: సుమారు మూడు నెలలకోసారి మార్చాలి. కొనేముందే రేటు, స్టాక్ చూసుకోండి.
- యాప్, వైటెనింగ్ మోడ్: లేకపోయినా నష్టం లేదు.

2014 నాటి కొక్రేన్ సమీక్ష ప్రకారం, మామూలు బ్రష్‌తో పోలిస్తే పవర్ బ్రష్‌తో మూడు నెలలు దాటాక పాచి 21 శాతం, చిగుళ్ల వాపు 11 శాతం తగ్గాయి. తేడా ఉంది కానీ, అద్భుతమేం కాదు.

ఎలా వాడాలి?

బ్రష్‌ను చిగురు అంచుకు 45 డిగ్రీల కోణంలో ఆనించి, ఒక్కో పన్ను దగ్గర కాసేపు ఆపండి. రుద్దక్కర్లేదు. రోజుకు రెండుసార్లు తోమాలి, పళ్ల సందుల్లో ఫ్లాస్ లేదా ఇంటర్‌డెంటల్ బ్రష్ వాడాలి. స్కేలింగ్ తర్వాత ఇలా చేస్తే పది రోజుల్లో నాకు రక్తం ఆగిపోయింది.

రెండు వారాలైనా తగ్గకపోయినా, పన్ను కదులుతున్నా, చీము వస్తున్నా డెంటిస్ట్‌ను కలవండి. సిగరెట్ తాగేవాళ్లు ఇంకా జాగ్రత్త. పొగ వల్ల రక్తం తక్కువగా కారి, జబ్బు బయటపడదు.

నా మాట: బడ్జెట్ ఉంటే ప్రెజర్ సెన్సార్, టైమర్ ఉన్న సింపుల్ మోడల్ చాలు. లేదంటే మెత్తటి మామూలు బ్రష్, ఫోన్‌లో 2 నిమిషాల టైమర్. మిగిలిన డబ్బుతో ముందు స్కేలింగ్ చేయించుకోండి.