ఆ పొడి రెండు బస్తాల దాణా మిగులుస్తుందా?

వెయ్యి బ్రాయిలర్ కోళ్లు తలా 2.2 కిలోలు తూగాలంటే దాదాపు 73 బస్తాల దాణా కావాలి, బస్తా 50 కిలోల లెక్కన. పిల్ల, మందులు, కరెంటు, ఊక, కూలి అన్నీ కలిపినా పెంపకం ఖర్చులో సుమారు మూడో వంతే. మిగతాదంతా దాణాయే. అందుకే ‘దాణా కలిసొస్తుంది, పిల్లలు చావవు’ అంటూ ఎవరైనా ప్రోబయాటిక్ పొడి ప్యాకెట్ చూపిస్తే రైతు చెవి అటు వెళ్తుంది. ప్రోబయాటిక్ అంటే పేగుల్లో మేలు చేసే బతికున్న సూక్ష్మజీవులు. మన పెరుగులో ఉండే జాతికి దగ్గరివి కొన్ని, మట్టిలో దొరికేవి కొన్ని.

కోడికి వీటిని బయటినుంచి ఇవ్వడమెందుకు? పెరటి కోడిపిల్ల పొదిగిన రోజునుంచే తల్లి వెంట తిరుగుతూ, దాని రెట్ట తగిలిన నేలను పొడుస్తూ పెద్దకోడి పేగుల్లోని సూక్ష్మజీవులను తెచ్చుకుంటుంది. హేచరీ పిల్లకు తల్లే ఉండదు. ఇంక్యుబేటర్ నుంచి ట్రేలోకి, ట్రేనుంచి షెడ్డులోకి. దాని పేగు దాదాపు ఖాళీ. ముందు ఏది చేరితే దానిదే రాజ్యం.

ఫిన్లాండులో 1971లో బ్రాయిలర్ ఫారాల్లో సాల్మొనెల్లా అనే జబ్బు చేసే సూక్ష్మజీవి బాగా వ్యాపించింది. అప్పుడు నూర్మి, రంతాలా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పెద్దకోళ్ల పేగుల్లోని పదార్థాన్ని అప్పుడే పొదిగిన పిల్లలకిచ్చి చూశారు. ఆ పిల్లల్లో సాల్మొనెల్లా పెద్దగా నిలదొక్కుకోలేకపోయింది. ఆ ఫలితాన్ని 1973లో ప్రచురించారు. ఆర్టీసీ బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకున్నట్టే ఇదీ: మంచివి ముందే చోటు పట్టేస్తే చెడ్డవి నిలబడే పోవాలి.

ఇన్నాళ్లూ ఆ పని యాంటీబయాటిక్‌లు చేశాయి కదా అంటారా? చేశాయి. రోగం లేకున్నా బరువు కోసం దాణాలో కొద్దికొద్దిగా కలిపేవారు. దాంతో మందుకు లొంగని సూక్ష్మజీవులు పెరిగి, ఆ ఇబ్బంది మనుషుల ఆస్పత్రుల దాకా వస్తుందన్న భయంతో ఐరోపా యూనియన్ 2006 జనవరి 1 నుంచి ఆ వాడకాన్ని ఆపేసింది. మన దేశంలో 2019లో కొలిస్టిన్ అనే మందును ఆహారం కోసం పెంచే జీవాల్లో నిషేధించారు. మనుషులకు వేరే మందులు పనిచేయనప్పుడు వాడేది అది. ఇంతమాత్రాన ప్రోబయాటిక్ చికిత్స అయిపోదు. కోళ్లకు జబ్బు చేస్తే పశువైద్యుడిని పిలవాల్సిందే.

ఇప్పుడు ప్యాకెట్ మీది అంకెల సంగతి. సీఎఫ్‌యూ అని ఉంటుంది. పెరిగి పిల్లలు పెట్టగల బతికున్న సూక్ష్మజీవుల లెక్క అది. గ్రాముకు 100 కోట్లు, టన్ను దాణాకు అర కిలో కలపమన్నారనుకుందాం. కిలో దాణాకు అర గ్రాము, అంటే గ్రాము దాణాలో 5 లక్షలు. రోజుకు 100 గ్రాములు తినే కోడికి 5 కోట్లు అందుతాయి. పెద్ద అంకెలాగే ఉంది. కానీ ఎదిగిన కోడి పేగు చివర, సీకం అనే సంచుల్లో, ఒక్క గ్రాము పదార్థంలోనే వెయ్యి కోట్లకు పైగా సూక్ష్మజీవులుంటాయి. ఆ జనంలో మన 5 కోట్లు ఎంత? అందుకే మూడో వారంలో ఉన్నట్టుండి మొదలుపెట్టినవారికి పెద్దగా తేడా కనపడదు. ఇవ్వదలిస్తే పిల్ల దిగిన రోజే, తొలి నీళ్లతోనో తొలి దాణాతోనో మొదలవ్వాలి. వీటిలో చాలా రకాలు పేగులో స్థిరంగా ఉండిపోవు, రెట్టతో వెళ్లిపోతాయి. కనుక రోజూ అందాలి.

అవి బతికి చేరాలన్నది రెండో షరతు. నా లెక్కన డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. పెల్లెట్ దాణా తయారీలో వేడి 80 డిగ్రీల దాకా పోతుంది. లాక్టోబాసిల్లస్ జాతి దానికి తట్టుకోదు. బాసిల్లస్ జాతి గట్టి పెంకు తొడుక్కున్న బీజంలా ఉండి తట్టుకుంటుంది, కాబట్టి దాణాకు అదే నయం. నీళ్లలో ఇస్తే క్లోరిన్ సంగతి చూడాలి. పొద్దున ట్యాంకులో బ్లీచింగ్ వేసి, అదే నీళ్లలో మధ్యాహ్నం ప్రోబయాటిక్ కలిపితే మనం కొన్న ప్రాణాన్ని మనమే చంపుకున్నట్టు. నీళ్లలో టీకా ఇచ్చే రోజు క్లోరిన్ ఆపి పాలపొడి కలుపుతాం కదా, ఇక్కడా అంతే జాగ్రత్త కావాలి. యాంటీబయాటిక్ కోర్సు నడిచే రోజుల్లో చాలా రకాలను ఇచ్చి లాభం లేదు.

ఇక లాభం. ఎఫ్‌సీఆర్ అంటే కిలో బరువు పెరగడానికి కోడి తిన్న దాణా. అది 1.65 నుంచి 1.60కి దిగిందనుకుందాం. వెయ్యి కోళ్లు, 2,200 కిలోల బరువు. 3,630 కిలోల దాణా 3,520కి తగ్గుతుంది. మిగిలింది 110 కిలోలు, రెండు బస్తాల పైచిలుకు. దాణా కిలో 40 రూపాయలనుకుంటే 4,400. పొడి కిలో 500 అనుకున్నా, పట్టేది 1.76 కిలోలే కనుక ఖర్చు 880. ఎఫ్‌సీఆర్ 0.01 తగ్గినా పొడి డబ్బు దాదాపు తిరిగొస్తుందన్నమాట. మీ ఊరి ధరలు పెట్టి ఇదే లెక్క వేసుకోండి.

అయితే 0.05 ప్రతి షెడ్డులో వస్తుందా? రాదు. ప్రయోగాల్లోనే కొన్నిచోట్ల తేడా బాగా కనిపించింది, కొన్నిచోట్ల కనిపించలేదు. శుభ్రంగా నడిచే షెడ్డులో బాగుపడాల్సింది తక్కువ కనుక తేడా కూడా తక్కువే. తడిసిన ఊక, కళ్లు మండించే అమ్మోనియా, కాక్సిడియోసిస్ అనే పేగు జబ్బు ఉన్నచోట ఏ పొడీ నిలబెట్టలేదు. పైగా ఆ 110 కిలోలు కోడికి 110 గ్రాములు. ఆఖరి వారంలో అది ఒక రోజు తినేదానికన్నా తక్కువ. ఫీడర్లు సరైన ఎత్తులో లేక నూటికి మూడు వంతుల దాణా ఊకలో పడితే లాభమంతా దానికే సరి.

ఇంత చిన్న తేడా కంటికి ఆనదు. ‘పోయిన బ్యాచ్ కన్నా బాగుంది’ అన్న మాటకూ విలువ లేదు. పోయిన బ్యాచ్ మే నెల ఎండల్లోది కావచ్చు. ఒకే రోజు దిగిన పిల్లలను రెండు షెడ్లలో వేసి, ఒకదానికే ఇవ్వండి. వారానికోసారి రెండు చోట్లా వేర్వేరు మూలలనుంచి తలా వంద పట్టి తూచండి. దాణా బస్తాలు, చచ్చిన కోళ్లు విడివిడిగా రాయండి. రెండు మూడు బ్యాచ్‌లు అలా చూస్తేగాని నిర్ణయానికి రావద్దు.

ఇంటిగ్రేషన్‌లో, అంటే కంపెనీతో ఒప్పందం మీద పెంచేవారికి ఇంకో సంగతి. దాణా కంపెనీదే కనుక అందులో ప్రోబయాటిక్ ముందే కలిసి ఉండొచ్చు. సూపర్‌వైజర్‌ను అడిగితే తెలుస్తుంది. ఉంటే నీళ్లలో మళ్లీ కలపడానికి సొంత డబ్బు పెట్టక్కర్లేదు. లేకపోతే, మిగిలే దాణా కంపెనీ ఖాతాలోకి పోతుందా, మీ గ్రోయింగ్ ఛార్జీల్లో ప్రోత్సాహకంగా కనిపిస్తుందా అన్నది ఒప్పందం కాగితంలో చూసుకున్నాకే ప్యాకెట్ కొనండి.