మీకు తెలుసా? రాళ్లగుట్టల మీద రాజభోగం

హైదరాబాద్‌లో ఖరీదైన పేట ఏదంటే బడిపిల్లలు కూడా బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ అని ఠక్కున చెప్పేస్తారు. ఆబిడ్స్, నాంపల్లి లాంటి నడిఊరు ఎంతో దూరం ఉండదు. నగల దుకాణాలు, కాఫీ షాపులు, పెద్దాసుపత్రులు, అర్ధరాత్రి దాకా ఆగని కార్లు. గజం ధర అడగాలన్నా గుండె దిటవు చేసుకోవాలి. నూరేళ్ల కిందట మాత్రం అవి ఊరికి అవతల, రాళ్లూ తుప్పలూ నిండిన గుట్టలు. బంజారాల తండాలుండేవి. ఆ పేరే పేటకు నిలిచింది.

ఆ గుట్టల మీద తొలినాళ్లలో ఇల్లు కట్టిన పెద్దమనిషి నవాబ్ మెహదీ నవాజ్ జంగ్. బండ అడ్డొస్తే పేల్చేయడం మనకు అలవాటైన పద్ధతి. ఆయన బండనే ఇంట్లో కలుపుకున్నాడు. కొన్నిచోట్ల గుహలో కూర్చున్నట్టుండే ఆ ఇంటి పేరు బంజారా భవన్. 1933లో హైదరాబాద్ వచ్చిన రవీంద్రనాథ్ ఠాగూర్ ఈ గుట్టల మీదే నవాబుగారి అతిథిగా ఉన్నారు, ఈ కొండల మీద ఓ కవిత కూడా రాశారు. 1960లో గుజరాత్ రాష్ట్రం ఏర్పడినప్పుడు దానికి మొదటి గవర్నరు ఎవరనుకున్నారు? ఈ నవాబుగారే. రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి పేరులో ఉన్న మూడక్షరాలూ ఆయనవే.

ఇంతకీ ఆ రాళ్ల వయసెంతో తెలుసా? సుమారు 250 కోట్ల ఏళ్లు. హిమాలయాలు పైకి లేవడం మొదలై అయిదు కోట్ల ఏళ్లే అయింది కాబట్టి, వయసులో మన గుట్టల ముందు ఎవరెస్టు పసిబిడ్డే. భూమి లోపల కరిగి ఉన్న శిలాద్రవం మెల్లగా చల్లారి గ్రానైట్ అయింది. అది నిలువుగా, అడ్డంగా పగుళ్లిచ్చింది. పగుళ్లలోకి నీరు దిగి రాతిని కొద్దికొద్దిగా తినేసింది. మూల దగ్గర రాయికి మూడు వైపుల నుంచీ దెబ్బ తగులుతుంది, అందుకే ముందు మూలలే అరుగుతాయి. అలా పలకల్లా ఉన్న దిమ్మెలు గుండ్రాళ్లయ్యాయి. చుట్టూ ఉన్న మట్టి కొట్టుకుపోయాక, ఎవరో పనిగట్టుకుని ఒకదాని మీద ఒకటి పేర్చారా అన్నట్టు బయటపడ్డాయి.

ఈ భూగర్భశాస్త్రం మనకెందుకులే అనుకోకండి. అక్కడ ఇల్లున్నవాళ్లకు ఏటా ఎండాకాలం ఇది గుర్తొస్తుంది. గట్టి గ్రానైట్‌లో నీరు నిలవదు, పగుళ్లలో మాత్రమే ఉంటుంది. బోరు వేసినచోట పగులు తగిలితే నీళ్లు, లేకపోతే రాతిపొడి. పక్కింటి బోరు బాగా పోస్తుంటే మనది ఎండిపోయి ఉండటం వింతేమీ కాదు. అందుకే కోట్ల విలువచేసే బంగళా గేటు ముందు కూడా వాటర్ ట్యాంకర్ వచ్చి ఆగుతుంది. సెల్లార్ తవ్వకం సంగతి చెప్పనే అక్కర్లేదు. బండ పగలగొట్టే చప్పుడు నెలల తరబడి వీధంతా వినాల్సిందే.

అడ్రసుల గొడవ ఇంకొకటి. బంజారాహిల్స్‌లో రోడ్ నంబర్ 10 ఉంది, జూబ్లీహిల్స్‌లోనూ రోడ్ నంబర్ 10 ఉంది. ఏ హిల్సో చెప్పకుండా ఆటో ఎక్కితే విందుకు వెళ్లాల్సినవాళ్లు మూతులు కడుక్కునే వేళకు చేరతారు. జూబ్లీహిల్స్‌ను 1960ల్లో చల్లగళ్ల నరసింహం చొరవతో సహకార గృహనిర్మాణ సంఘం పెట్టి, ప్లాట్లు వేసి పంచారు. అక్కడ బోలెడన్ని ఇళ్ల నంబర్లు 8-2-293/82 అనే మొదలవుతాయి. ఆ తర్వాత బై నంబర్లు, అక్షరాలు, మళ్లీ బై నంబర్లు. ఒక పెద్దాసుపత్రికీ ఇదే మొదలు, పక్క సందులో ఉన్న ఇంటికీ ఇదే మొదలు. కొరియర్ కుర్రాళ్ల ఓపికకు దండం పెట్టాలి.

ఇక సినిమా. అక్కినేని నాగేశ్వరరావు మద్రాసు వదిలి వచ్చి, ఈ రాళ్లగుట్టల్లో 22 ఎకరాల్లో అన్నపూర్ణ స్టూడియోస్ కట్టి 1976లో తెరిచారు. స్టూడియోకు పెట్టింది భార్య పేరు. ఇది చాలామందికి తెలిసిందే. తక్కువమందికి తెలిసింది, బంజారాహిల్స్‌లోని ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి వెనక కూడా సినిమా డబ్బే ఉందని. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు కంటి వైద్య సంస్థ పెట్టాలనుకున్నప్పుడు ఎల్.వి.ప్రసాద్ కుటుంబం అయిదెకరాల స్థలం, కోటి రూపాయలు ఇచ్చింది. హిందీ, తమిళ, తెలుగు తొలి టాకీలు మూడింటిలోనూ నటించిన మనిషి ఎల్.వి.ప్రసాద్. తెరమీద బొమ్మ చూపించినవాడి పేరు చూపునిచ్చే ఆసుపత్రికి పెట్టడం కన్నా సరైన పేరు పెట్టడం నాకైతే కనబడలేదు.

బంజారాహిల్స్ రోడ్ నంబర్ 1లో లామకాన్ అనే చోటు ఉంది. ఫోటోగ్రాఫర్ ఎం.హసన్ నివసించిన ఇల్లు అది. 2010 నుంచి నాటకాలకు, చర్చలకు, పాటకచేరీలకు వేదికైంది. చాయ్, సమోసాల కోసమే వెళ్లేవాళ్లూ ఉన్నారు. ఈ పేటలో జేబు తడుముకోకుండా సాయంత్రం గడపగలిగే కొద్దిచోట్లలో అదొకటి.

ఇంత రద్దీ మధ్యన ఒక జాతీయ ఉద్యానవనం ఉందని బయటి ఊళ్లవాళ్లు నమ్మరు. అదే కాసు బ్రహ్మానందరెడ్డి పార్కు. 1964 నుంచి 1971 దాకా ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా చేసిన నాయకుడి పేరది. నిజాం కుటుంబానికి చెందిన చిరాన్ ప్యాలెస్ చుట్టూ ఉన్న అడవిని 1998లో జాతీయ పార్కుగా ప్రకటించారు. విస్తీర్ణం మూడున్నర వందల ఎకరాలకు పైమాటే. పొద్దున్నే నడకకు వచ్చినవాళ్లకు నెమళ్లు ఎదురొస్తాయి. నలువైపులా అంత ధర పలుకుతున్నా ఆ నేల అడవిగానే మిగిలిందంటే, అందులో జనం ఇష్టం కన్నా చట్టం చలవే ఎక్కువని నా అభిప్రాయం.

రాళ్లకు మాత్రం అంత అదృష్టం లేదు. వాటిని కాపాడాలని 1996లో 'సొసైటీ టు సేవ్ రాక్స్' పుట్టింది. కొన్ని శిలలకు వారసత్వ హోదా వచ్చింది. ఆ సంస్థవాళ్లు ఆసక్తి ఉన్నవారిని వెంటబెట్టుకుని రాళ్ల మధ్య నడకలకు తీసుకెళ్తుంటారు. వీలు చూసుకుని పిల్లల్ని తీసుకెళ్లండి. ఇక అక్కడ ఇల్లు కట్టే స్తోమత ఉన్న పాఠకులకు ఒక మనవి: మీ స్థలంలో గుండు ఉంటే, బండ కొట్టేవాళ్లను పిలవకముందే ఆర్కిటెక్టును పిలిచి, దాన్ని ఉంచి ప్లాన్ గీయమని అడగండి.