కోటిమందికి ఎనిమిది వందల భాషలు

మత్తయి సువార్త తెరిచినవారిలో చాలామంది మొదటి పదిహేడు వచనాలను కళ్లతోనే దాటేస్తారు. అబ్రాహాము మొదలు యోసేపు వరకు అన్నీ పేర్లే! ఆ భాగం మీద ప్రసంగించే బోధకులూ అరుదే. పాపువా న్యూ గినీ తూర్పు పర్వత ప్రాంతంలో బినుమారియన్ అనే చిన్న భాషలోకి సువార్తలను అనువదించిన డెస్ ఓట్రిడ్జ్ కూడా ఆ వంశావళిని చివరికి అట్టిపెట్టాడు. తీరా దాన్ని చదివి వినిపిస్తే ఊరివాళ్లు ఉలిక్కిపడ్డారు. దయ్యాలకు తాతముత్తాతల పేర్లు ఎవరూ రాసిపెట్టరు, మనుషులకే రాస్తారు, అంటే ఈ యేసు నిజంగా పుట్టి తిరిగినవాడేనన్నమాట అని వాళ్లు తేల్చుకున్నారు. అంతకుముందు విన్న అద్భుతాల కథలు చేయని పని ఆ పేర్ల పట్టిక చేసింది.

బినుమారియన్ మాట్లాడేవారు కొద్దిమందే. అలాంటివి, అంతకన్నా చిన్నవి, కాస్త పెద్దవి కలిపి ఆ దేశంలో సుమారు 840 భాషలున్నాయి. దేశ జనాభా కోటి. విస్తీర్ణం మన రెండు తెలుగు రాష్ట్రాలకు రెట్టింపు కూడా ఉండదు. ప్రపంచంలో మరే దేశంలోనూ ఇన్ని భాషలు లేవు. ఆస్ట్రేలియాకు ఉత్తరాన ఉన్న న్యూ గినీ ద్వీపంలో ఇది తూర్పు సగం. పశ్చిమ సగం ఇండొనేసియాది, అక్కడ మరికొన్ని వందల భాషలు.

తీరప్రాంతాల్లో సుమారు మూడువేల ఏళ్ల క్రితం పడవల మీద వచ్చినవారి ఆస్ట్రొనేసియన్ భాషలున్నాయి. అవి కానివాటినన్నిటినీ పండితులు ‘పాపువన్’ భాషలంటారు. తైమూర్, అలోర్, హల్మహేరా, బూగన్‌విల్, సాలమన్ దీవుల్లోనూ ఇవి ఉన్నాయి. ఇది ఒక కుటుంబం పేరు కాదు సుమా! ఎక్కడ సర్దాలో తెలియని సామానంతా అటకెక్కించినట్టు పెట్టిన పేరు. అందులో డజన్లకొద్దీ కుటుంబాలు, ఏ బంధువూ లేని ఒంటరి భాషలూ ఉన్నాయి.

ఇన్ని భాషలెందుకు? కొండలు, అడవులు, బురదనేలలు అడ్డం కనుక అంటారు. అది సగం జవాబే. మనుషులు అక్కడ నలభై వేల ఏళ్లకు పైగా ఉన్నారు, వేల ఏళ్లుగా తోటలు వేసుకుని ఎవరి తిండి వారు పండించుకున్నారు, అందరినీ ఒక మాట కిందికి తెచ్చిన చక్రవర్తి పుట్టలేదు. పైగా వేరుగా ఉండాలన్న పట్టుదల కూడా ఉంది. బూగన్‌విల్‌లో బుయిన్ భాషకు చెందిన ఉయిసాయ్ మాండలికంలో, మిగతా బుయిన్ వారు పుంలింగంగా వాడే మాటలన్నీ స్త్రీలింగం, స్త్రీలింగాలన్నీ పుంలింగం! పొరుగువారికన్నా వేరుగా వినబడాలని ఎవరో కావాలనే తిప్పేశారని భాషావేత్త డాన్ లేకాక్ అభిప్రాయం.

బాబెలు గోపురం కథ (ఆది. 11) చూపించి భాషల వైవిధ్యాన్ని శాపంగా బోధించడం మనకు అలవాటు. దానికి ముందు అధ్యాయంలోనే నోవహు సంతతివారు ఎవరి భాష ప్రకారం వారు తమ దేశాల్లో స్థిరపడినట్టు ఉంది. ఆ పదో అధ్యాయం కూడా పేర్ల పట్టికే కనుక కాబోలు, మనం దాన్నీ దాటేస్తాం.

ఈ భాషల్లో కొన్ని తెలుగువారికి ఒక సంగతిలో దగ్గరగా తోస్తాయి. ‘లేచి, ముఖం కడుక్కుని, చద్దన్నం తిని, పొలం వెళ్లాడు’ అంటాం మనం. చివరి క్రియ వచ్చేదాకా వాక్యం ముగియదు. హువోన్ ద్వీపకల్పంలోని కాటె భాషలోనూ ఇలాగే క్రియలు గొలుసుగా సాగుతాయి. అయితే తరువాతి పని కూడా అదే మనిషి చేస్తే క్రియకు ఒక రూపం, మరొకరు చేస్తే ఇంకో రూపం. సువార్తల్లో ‘ఆయన’ అన్నచోట ఆ ఆయన ఎవరో తేల్చకుండానే వేదాంత విద్యార్థి దాటిపోవచ్చు. కాటె అనువాదకుడికి ఆ వీలు లేదు.

ఈ కాటె భాషకు సంఘచరిత్రలో పెద్ద చోటుంది. 1886లో యోహాన్ ఫ్లియర్ల్ అనే జర్మన్ లూథరన్ మిషనరీ ఫిన్ష్‌హాఫెన్ దగ్గర అడుగుపెట్టాడు. ఇన్ని భాషల్లో బోధించడం మిషన్ వల్ల కాలేదు. కొన్నిటిని సంఘభాషలుగా ఎంచుకున్నారు. కొండవైపు కాటె, తీరంవైపు యాబెమ్. స్థానిక సువార్తికులు కాటెను లోపలి పర్వతాలదాకా మోసుకెళ్లారు. ఒక చిన్న భాష వేలాది మందికి బడిభాష, ప్రార్థనభాష అయింది. దాని సొంత మాండలికాలు కొన్ని మాత్రం దాని నీడలోనే వాడిపోయాయి. మిషన్‌ను నేను తప్పుపట్టలేను, కానీ ఆ నష్టాన్ని లెక్కలోంచి తీసేయడం కూడా న్యాయం కాదు.

ఇప్పుడు ఆ స్థానం టోక్ పిసిన్‌ది. తోటల్లో కూలికి వెళ్లినవారి మధ్య, ఎక్కువగా ఇంగ్లిష్ మాటలతో పుట్టిన భాష అది. అందులో కొత్త నిబంధన 1969లో, పూర్తి బైబిలు 1989లో వచ్చాయి. పార్లమెంటులోనూ సంతలోనూ అదే నడుస్తుంది. దేశాన్ని కలిపి ఉంచినది అదేనన్నా అతిశయోక్తి కాదు.

సెపిక్ నది దిగువన గపున్ అనే పల్లె ఉంది. ఆ ఊరి భాష తాయప్, ఏ బంధువూ లేని ఒంటరి భాష. మానవశాస్త్రవేత్త డాన్ కులిక్ 1980లలో అక్కడికి వెళ్లేసరికే చిన్నపిల్లలు తాయప్ మాట్లాడటం మానేశారు. పిల్లలే వద్దంటున్నారని తల్లిదండ్రులు వాపోయేవారు. నిజానికి పెద్దలే పిల్లలతో టోక్ పిసిన్‌లో మాట్లాడుతున్నారు. ఆయన గమనించిన కారణం మనల్ని ఆలోచింపజేయాలి. టోక్ పిసిన్ అంటే చదువు, ప్రగతి, క్రైస్తవ్యం. తాయప్ అంటే మొండితనం, పాతకాలం, అన్యాచారం. అలా ముద్ర పడిపోయింది. అది కథోలిక ఊరు కదా అనుకోకండి, ఆ ముద్ర వేసే అలవాటు ఏ ఒక్క శాఖ సొత్తూ కాదు.

1990లలో ఆ ప్రభుత్వం చిన్న తరగతులను మాతృభాషల్లో నడపాలని నిర్ణయించి, నాలుగు వందలకు పైగా భాషల్లో బడులు తెరిచింది. 2013లో మళ్లీ ఇంగ్లిష్‌కే మళ్లింది. 2021లో వెలువడిన ఒక అధ్యయనంలో 392 భాషల కుటుంబాలకు చెందిన 6,190 మంది ఉన్నత పాఠశాల విద్యార్థులను పరీక్షించారు. వారి తల్లిదండ్రుల్లో 91 శాతం మందికి సొంత భాష ధారాళంగా వచ్చు. పిల్లల్లో 58 శాతం మందికే వచ్చు. ఒక్క తరం తేడా ఇది. భాషతోపాటు అడవిలోని పక్షుల పేర్లు, మొక్కల ఉపయోగాలు కూడా వారికి తెలియకుండా పోతున్నాయని అదే అధ్యయనం తేల్చింది.

తాయప్‌కు 2019లో వ్యాకరణం, నిఘంటువు కలిపి ఒక పుస్తకంగా వచ్చాయి. అప్పటికి ఆ భాష వచ్చినవారు యాభైమంది కూడా లేరు.