డీమన్లకు తగిన పరిసరాలు

తెరపై కనిపించకుండా నిరంతరం సేవలందించే ప్రోగ్రాములను యూనిక్స్ పరిభాషలో ‘డీమన్లు’ అంటారు. ముద్రణ, ఈమెయిలు, డేటాబేస్ సేవలు వీటి ద్వారానే సాగుతాయి.

ఉద్యోగి స్వయంగా ప్రారంభించినప్పుడు చక్కగా నడిచిన డీమన్, కరెంటు పోయి వచ్చిన తరువాత మొరాయించడం కద్దు. మనం లాగిన్ అయినప్పుడు ‘ప్రొఫైల్’ ఫైలును షెల్ చదివి, ఆదేశాలను వెదకే దారులను, భాషను, ఫైళ్ళ అనుమతులను నిర్ణయిస్తుంది. యంత్రం తనంత తాను మేల్కొన్నప్పుడు లాగిన్ లేదు. కనుక ఆ నిర్ణయాలూ లేవు.

దీని పర్యవసానం స్వల్పమైనది కాదు. ‘పాత్’లో దారి లేని ఆదేశం దొరకదు. భాషను నిర్దేశించకపోతే తెలుగు పేర్లు ప్రశ్నార్థక చిహ్నాలుగా మారవచ్చు. కొత్త ఫైళ్ళ అనుమతులను నియంత్రించే ‘యూమాస్క్’ 077కు బదులు 022 అయితే, జీతాల వివరాలు ఆ యంత్రంపై ఖాతా ఉన్న ఇతరుల కంట కూడా పడవచ్చు.

నివారణ సులభమే. పాత తరహా స్టార్టప్ స్క్రిప్టులలో ‘ఎస్‌యూ’ ఆదేశానికి అడ్డగీత చేర్చి, ఆ సేవకై ఏర్పరచిన ఖాతా పేరుతో డీమన్‌ను ప్రారంభించాలి. అప్పుడు ఆ ఖాతా ప్రొఫైల్ అమలులోకి వస్తుంది. 2010లో వెలువడిన ‘సిస్టమ్‌డీ’ మాత్రం ప్రొఫైల్‌ను చదవదు. అందులో ‘యూజర్’, ‘ఎన్విరాన్‌మెంట్’, ‘యూమాస్క్’ పంక్తులను విడిగా వ్రాయాలి.

ఆపై యంత్రాన్ని ఒకమారు పూర్తిగా ఆపి, మరల ప్రారంభించి చూడాలి. ఆ పరీక్షను పగటివేళ మనమే జరిపితే, అర్ధరాత్రి కరెంటు కోత జరపనవసరం లేదు.