నాలుగు నెలలు గ్యాస్ గోలీలే మింగింది

మా చిన్నమ్మ నాలుగు నెలలు గ్యాస్ గోలీలు మింగింది. "ఏం లేదు బిడ్డా, గ్యాస్ పట్టింది" అనేది. పొద్దున వాము నీళ్లు, రాత్రి సోడా. ఊర్ల ఆర్ఎంపీ వారానికోపారి గోలీ మార్చి ఇచ్చిండు. మొఖం, చేతులు గుంజుకపోతున్నయి గని కడుపు మాత్రం ముందటికొస్తాంది. చీర కుచ్చిళ్లు దోపితే నిలుస్తలేవు. ఒక పెండ్లిల "ఈ వయసుల ఇదేందే" అని నవ్వినోళ్లు కూడ ఉన్నరు. ఆమెకు అప్పుడు 53 ఏండ్లు. ఆఖరికి స్కానింగ్ తీస్తే కడుపుల నీరు, అండాశయం మీద గడ్డ. ఆపరేషన్, కీమో అయినంక రెండేండ్లు బతికింది.

ఊరూరు తిరిగి హక్కుల గురించి మాట్లాడేటోన్ని నేను. ఇంట్ల మనిషి కడుపు ఎందుకు ఉబ్బుతుందో ఒక్కపారి అడగలే.

కడుపుబ్బరం అనంగనే క్యాన్సర్ అని భయపడద్దు. ఎక్కువసార్లు చిన్న కారణాలే ఉంటయి. నెలసరి ముందు హార్మోన్ల మార్పుతోని పేగులు మందగించి ఉబ్బుతది, బహిష్టు కాంగనే తగ్గుతది. కొందరికి పాలు పడవు. రక్తం తక్కువుందని ఇచ్చే ఐరన్ గోలీలతోని మలబద్ధకం, షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్‌తోని గ్యాస్, విరేచనాలు రావచ్చు. థైరాయిడ్ తక్కువ పనిచేసినా, గర్భసంచిల గడ్డలున్నా, పొట్టల టీబీ ఉన్నా ఉబ్బుతది. ఇంకోటి ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. పత్తి ఏరవోయే ఆడోళ్లు చాటు లేదని పొద్దంతా నీళ్లు తాగరు, దొడ్డికి ఆపుకుంటరు. ఏండ్ల తరబడి అట్ల ఆపుకుంటే మలబద్ధకం రాక ఏమొస్తది? ఆ రోగానికి గోలీ రాసుడు కాదు, చేను కాడ మరుగు చూపెట్టాలె.

మరి తేడా ఎట్ల తెలుస్తది? వచ్చి పోయేది వేరు, వచ్చి కూసునేది వేరు. పొట్ట బిర్రుగ ఉండుడు, రెండు బుక్కలకే కడుపు నిండుడు, పొత్తికడుపుల నొప్పి, మాటిమాటికి ఒంటికి వచ్చుడు - వీటిల ఏదైనా కొత్తగ మొదలై నెలకు 12 సార్ల కంటే ఎక్కువ వస్తే అండాశయాల పరీక్ష చెయ్యాలని బ్రిటన్‌ల డాక్టర్లకు ఇచ్చిన మార్గదర్శకాలు చెప్తున్నయి. ముఖ్యంగ 50 దాటినోళ్లకు. ఆ వయసుల కొత్తగ దొడ్డికి పోయే తీరు మారితే "పేగుల జబ్బు" అని సరిపెట్టుకోవద్దు. అది ఆ వయసుల మొదటిసారి వచ్చుడు అరుదు. దొడ్డికిల రక్తం పడితే, వాంతులు ఆగకపోతే మాత్రం రోజులు లెక్కపెట్టకుండ అప్పుడే దవాఖానకు తీస్కపోవాలె.

అండాశయాలు లోపల ఎక్కడో ఉంటయి. గడ్డ పెరిగినా బయటికి కనవడది. రొమ్ముకు, గర్భసంచి మూతికి ముందస్తు పరీక్షలున్నయి. దీనికి ఏ బాధా లేనోళ్లకు చేసే నమ్మకమైన పరీక్ష లేదు.

"గర్భసంచి తీసేసిన్రు, నాకేమైతది" అనేటోళ్లు మస్తు మంది. దేశంల ఆ ఆపరేషన్లు ఎక్కువైతున్న రాష్ట్రాలల్ల మన రెండు తెలుగు రాష్ట్రాలు ముందు వరుసల ఉన్నయి. అది వేరే కొట్లాట. ఇక్కడ సంగతేందంటే, సంచి తీసినా చానమందికి అండాశయాలు లోపలనే ఉంటయి. ఏం తీసిన్రో ఆపరేషన్ కాయితంల చూడుర్రి.

దవాఖానల పొట్ట, పొత్తికడుపు అల్ట్రాసౌండ్ స్కానింగ్, సీఏ-125 రక్తపరీక్ష గురించి అడుగుర్రి. ఈ రక్తపరీక్ష బహిష్టు టైంల, టీబీల కూడ పెరుగుతది. క్యాన్సర్ మొదట్ల ఉంటే ఒక్కోసారి నార్మల్ కూడ వస్తది. అందుకే అదొక్కటి చూసి ఏడ్వద్దు, నిమ్మళపడద్దు. హైదరాబాద్‌ల ఎంఎన్‌జే సర్కారు క్యాన్సర్ దవాఖాన ఉంది, ఆరోగ్యశ్రీల క్యాన్సర్ వైద్యం ఉంది.

మా చిన్నమ్మ ఒంటికి ఊకె వస్తుందని మా చెల్లెకు చెప్పిందట. చెల్లె సిగ్గుపడి మాకు చెప్పలే. "ఆరోగ్యం ఎట్లుందే అమ్మా" అంటే "మంచిగనే ఉంది" అంటరు. అట్ల కాదు, "చీర బిగువైతాందా? ఎన్ని బుక్కలు తింటున్నవ్? రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నవ్?" అని అడుగుర్రి. చెప్పింది తారీఖు ఏసి ఫోన్ల రాస్కొని, డాక్టర్‌కు అదే చూపెట్టుర్రి.